ఎడమ కాలి కుట్టు

గంగాలిన్,
2 జూన్ 2024

బావగారికి కేశవరావు నమస్కారాలు.

నా దస్తూరీ చూసి నవ్వుకోకండి. అక్షరాలు వంకర. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ అనుమానమే. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, పలక వదిలి పార పట్టినవాణ్ణి. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి. ఫోన్లో అయితే, చెవి మిషను పెట్టుకున్నా మీకు సగమే వినపడుతుంది. పైగా ఈ ఇంట్లో ఫోను ఎవరెత్తినా స్పీకరు పెడతారు. అందరి ముందూ అడగలేని సంగతి ఒకటి ఉండి రాస్తున్నాను.

ఇక్కడ చలికాలమైన జూలై సెలవల్లో మన గీతిక మంచు కొండ మీద స్కీ పందెంలో దిగుతోంది కదా. తాతలిద్దరూ కింద పందెం ముగిసే గీత దగ్గర నిలబడాలట. మిమ్మల్ని సిడ్నీ తాత అంటుంది, నన్ను ఉత్త తాత అంటుంది. "తాతా, యూ అండ్ సిడ్నీ తాత, బోత్. ప్రామిస్?" అని చెయ్యి చాపింది. నేను చెయ్యి వేసేశాను. వెయ్యకుండా ఉండాల్సింది.

నిన్న మీ అమ్మాయి ఫోన్లో బొమ్మలు చూపించి, "మావయ్యగారూ, అక్కడ మైనస్ పది దాకా పడిపోతుంది. లోపల వేసుకునే థర్మల్స్ మీకు ఏవి కావాలో చెప్పండి, ఆర్డర్ పెట్టేస్తాను" అంది. ఆ బొమ్మల్లో మగవాళ్ళు కాళ్ళకి తోలు అతికించుకున్నట్టున్నారు. తొడా పిక్కా అన్నీ తెలుస్తున్నాయి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత చెబుతానమ్మా అని పెరట్లోకి వెళ్ళిపోయాను.

మీ అబ్బాయి సాయితేజ ఏటా ఆ కొండకి వెళ్ళొస్తాడు కాబట్టి మీకు తెలుస్తుంది. వదులుగా ఉండే రకం ఏదైనా ఉందా అండి? పంచె కింద రెండు నూలు పైజమాలు తొడుక్కుంటే సరిపోదా? సరిపోకపోతే నేను ఇంటి దగ్గరే ఉంటాను. మోకాళ్ళు కూడా బాగుండడం లేదు.

సుగుణ చెల్లెమ్మగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు
కేశవరావు

టూంగాబీ,
7 జూన్ 2024

బావగారూ,

మీ ఉత్తరం చూసి మా ఇల్లంతా పండగ చేసుకుంది. పోస్టులో కరెంటు బిల్లు కాకుండా ఇంకొకటి వచ్చిందని మా సాయితేజ ఫోటో తీసుకున్నాడు. దస్తూరీ గురించి బాధపడకండి. తణుకు డిపోలో ముప్ఫై ఏళ్ళు డ్రైవర్ల సెలవు చీటీలు చదివిన కళ్ళు ఇవి. మీవి ముత్యాలు.

ఇక కాళ్ళ సంగతి. నేనూ మీలాగే నూలు పైజమాలు అన్నాను. మావాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "నాన్నా, కాటన్ వేసుకుంటే చెమట పీల్చుకుని అలాగే తడిగా ఉండిపోతుంది. ఆ తడి మంచులో ఐసు ముక్కలా పట్టుకుంటుంది" అన్నాడు. కాబట్టి పైజమాలు మీ పెట్టెలోనే ఉండనివ్వండి.

వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని లాగు. మెరినో అనే గొర్రెది, గుచ్చుకోదు. మరీ చలైతే దాని మీద మెత్తటి ఫ్లీసు లాగు. అన్నిటి పైన తడి లోపలికి రానివ్వని ప్యాంటు. లోపలి లాగు బూటు పైఅంచు దగ్గరే ఆగిపోవాలి. బూటులో మేజోడు తప్ప ఇంకేమీ ఉండకూడదు, మడత పడితే కాలు ఒరుసుకుపోతుంది. రెండు జతల మేజోళ్ళు కూడా వద్దట. కాలు బిగిసి నెత్తురు ఆడక ఇంకా చల్లబడుతుందట. మరి వదులుగా ఉంటే? మధ్యలో గాలి ఆడి వెచ్చదనం పోతుంది. అంటే బావగారూ, అతుక్కునే ఉండాలి, బిగుసుకోకూడదు. మన వియ్యంకుల బంధుత్వంలాగే.

మావాడివి వేసుకుని హాల్లోకి వచ్చాను. సుగుణ నన్ను ఎగాదిగా చూసి, "బ్లౌజు గుడ్డ తొడుక్కున్న కొంగలా ఉన్నారు, లోపలికి వెళ్ళండి" అంది. సిగ్గుపడితే కుదరదు. నేను చిన్నపిల్లల వాలు మీద స్కీ కూడా చేస్తాను. మీరు చప్పట్లు కొట్టాలి.

మీకు అమ్మాయి కొనక్కర్లేదు. వియ్యంకుడికి బట్టలు పెట్టడం నా వంతు. కొలతలు పంపండి. నడుము, తొడ, పిక్క. పిక్క ముఖ్యం.

రానని మాత్రం అనకండి. మీరు రానంటే నాకు ఇంకేదో గుర్తొస్తుంది.

మీ
హేమచంద్రరావు

గంగాలిన్,
12 జూన్ 2024

బావగారికి,

జాబు అందింది. అంత వివరంగా రాసినందుకు సంతోషం.

ఇక్కడ పొద్దున్నే కారు అద్దాల మీద మంచు పేరుకుంటోంది. వెంకట్ పాత ప్లాస్టిక్ కార్డుతో గీకుతుంటాడు. నేను సాయం వెళ్తే, "నాన్నా, పంచెతో బయటికి రాకు, పక్కింటివాళ్ళు నీకేమైనా అవుతుందేమోనని భయపడుతున్నారు" అన్నాడు. పక్కింటి ఆవిడ మంచిది. నన్ను చూసినప్పుడల్లా కోల్డ్ కోల్డ్ అంటుంది. నేను అవునవును అంటాను.

మీరు అడిగిన కొలతలు ఎవరిచేత తీయించుకోనండి. అంతా మామూలే. పిక్క కూడా మామూలే. మీకు ఇబ్బంది లేకపోతే అన్నిటికంటే పెద్ద సైజు పంపండి. ఎంత పెద్దదైనా ఫరవాలేదు. గాలి ఆడినా నేను ఓర్చుకోగలను.

అసలు పంపకపోయినా ఏమీ అనుకోను.

కేశవరావు

టూంగాబీ,
18 జూన్ 2024

బావగారూ,

ఈ ఉత్తరంతో పాటే పార్శిలు కూడా అందుతుంది. తెరిచే ముందు చేతులు కడుక్కోండి, కొత్త బట్టలు.

దుకాణంలో మావాడూ నేనూ గంట సేపు నిలబడ్డాం. అమ్మే పిల్ల ఓపికగలది. ఒక్కొక్కటీ తీసి నా కాలి మీద పెట్టి చూపించింది. సగం నాకు వినపడలేదు, అయినా అన్నిటికీ తల ఊపాను. మీరు పెద్ద సైజు అన్నారు, కానీ మన పిల్లల పెళ్ళి ఫోటోలు చూశాను. మీదీ నాదీ ఒకే నడుము. పెద్దది కొంటే జారిపోయి గీతిక స్నేహితుల ముందు మన పరువు పోతుంది. అందుకని ఇద్దరికీ ఒకే సైజు, ఒకే రంగు నలుపు. వియ్యంకులిద్దరం జట్టులా ఉంటాం.

సుగుణ నడుము పట్టీ మూల పసుపు రాసింది. "ఉన్ని లాగుకి పసుపేమిటే" అంటే, "పెట్టేది బట్టలేగా, పసుపు లేకుండా ఎలా పెడతాం" అంది. మా కోడలు వైశాలి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను గాని లోపల నాకు నచ్చింది. పెళ్ళిలో మీకు పెట్టిన పట్టు పంచెలు మీరు కట్టుకోగా నేను చూడలేదు. ఇవైనా చూడాలని ఉంది.

ఆదివారం వీడియోలో వేసుకుని కనిపించండి. సిగ్గేమిటి, ముందు నేను చూపిస్తాను.

మీ
హేమచంద్రరావు

గంగాలిన్,
24 జూన్ 2024

బావగారికి, చెల్లెమ్మగారికి నమస్కారాలు.

బట్టలు అందాయి. పసుపు చూసి కళ్ళకద్దుకున్నాను. చాలా మెత్తగా ఉన్నాయి. బాగా సరిపోయాయి.

ఆదివారం వీడియోలోకి రాలేకపోయాను. కొంచెం తలనొప్పి. మీరు వేసుకుని నడిచి చూపించారని గీతిక చెప్పింది. దానికి బాగా నవ్వొచ్చిందట.

మీరు ఇంత శ్రమ తీసుకోకుండా ఉండాల్సింది. నా కోసం ఎవరూ శ్రమపడకూడదు.

ఉంటాను.
కేశవరావు

టూంగాబీ,
30 జూన్ 2024

కేశవరావుగారికి,

ఇవాళ వీడియోలో మీరు మళ్ళీ లేరు. గీతికని, తాతకి లాగు బాగుందా అమ్మా అని అడిగాను. అది ఏం చెప్పిందో నాకు వినపడక సుగుణ నా చెవి దగ్గర మళ్ళీ చెప్పింది. "తాత కట్ ఇట్. వన్ లెగ్. గరాజ్‌లో సిజర్స్‌తో. ర్యాట్ కొరికింది అన్నాడు, బట్ ఐ సా ద సిజర్స్."

మీ కోడలు పక్కనే ఉంది. ఫోను తీసేసుకుని, వంటింట్లో పాలు పొంగుతున్నాయి నాన్నా అని పెట్టేసింది.

పసుపు పెట్టి ఇచ్చిన కొత్త బట్ట ఎవరైనా కత్తిరిస్తారా? నచ్చకపోతే తిరిగి పంపాల్సింది. అట్టే ఉంచాల్సింది. బాగా సరిపోయాయని మీ చేత్తో రాసి, కత్తెర పట్టారు.

నేను ఇన్నాళ్ళూ అడగని మాట ఇవాళ అడుగుతున్నాను. పెళ్ళినాడు మీరు విడిదికి వచ్చినప్పుడు నేను ఇత్తడి చెంబుతో నీళ్ళు పట్టుకుని కారు దగ్గర నిలబడ్డాను. సుగుణ పళ్ళెం పట్టుకుంది. మా ఇళ్ళల్లో వియ్యంకుడి కాళ్ళు పెళ్ళికూతురి తండ్రి స్వయంగా కడగాలి. మీరు కాళ్ళు వెనక్కి లాక్కుని, "వద్దండి, వద్దండి" అని అటు తలుపు తీసుకుని దిగి వెళ్ళిపోయారు. మా అన్నదమ్ములు, బావమరుదులు అందరూ చూస్తూనే ఉన్నారు. ఆ నీళ్ళు పందిరి గుంజ మొదట్లో పోశాను. డిపోలో పనిచేసేవాడి నీళ్ళు మీకు పనికిరాలేదు అనుకున్నాను. పిల్ల కాపురం కదా అని నోరు మూసుకున్నాను.

ఇప్పుడు మా బట్టలు కూడా పనికిరాలేదు. సరే.

కొండ దగ్గరికి నేను మావాడి కారులో వేరుగా వస్తాను. గీతిక కోసం గీతకి అటువైపు నిలబడతాను. మీరు ఇటువైపు నిలబడండి.

హేమచంద్రరావు

గంగాలిన్,
3 జూలై 2024

బావగారూ,

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. ఈ జాబు మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. మీకు నేను చేసింది చిన్న అవమానం కాదు. కానీ మీరు అనుకున్న కారణం కాదు. నిజం చెప్పేస్తాను. చదివాక ఈ కాగితం చింపేయండి.

నా ఎడమ కాలు బోదకాలు.

ఆ మాట నా చేత్తో ఎప్పుడూ రాయలేదు. మా లంక ఊళ్ళల్లో చాలామందికి ఉండేది. నాకూ పెళ్ళి కాకముందే జ్వరాలు వచ్చేవి, గజ్జల్లో బిళ్ళ కట్టేది, కాలు వాచేది. వాపు కొన్నాళ్ళకి తగ్గడం మానేసింది. మందులు వేసుకున్నాను. ఇప్పుడు జ్వరాలు రావు. ఎవరికీ అంటుకోదని, పిల్లలకి వంశంలో దిగేది కాదని వీసాకి చూసిన డాక్టరు కూడా చెప్పాడు. అయినా కాలు అలాగే ఉంది. మోకాలి కింద మీ రెండు పిక్కలంత ఉంటుంది. అందుకే ఎప్పుడూ పంచె నేలకి జీరాడేలా కడతాను. అందరూ పెద్దమనిషి తరహా అంటారు.

వెంకట్‌కి మీ సంబంధం కుదిరినప్పుడు మధ్యవర్తి నా చెవిలో, "కేశవరావూ, మూడు ముళ్ళూ పడేదాకా పంచె ఎత్తకు. ఆడపిల్లవాళ్ళు చూస్తే పిల్లాడికీ వస్తుందంటారు, సంబంధం లేచిపోతుంది" అన్నాడు. నేను సరేనన్నాను. అది మోసమో కాదో నాకు తెలియదు. ఆలోచించే ధైర్యం చెయ్యలేదు.

మీరు చెంబు పట్టుకుని వంగారు. మీ తెల్లచొక్కా మీద గంధం మరకలు ఉన్నాయి. మీ చెయ్యి నా కాలి మీద పడితే మీకు తెలిసిపోతుంది. తెలిసిపోవడం ఒక ఎత్తు. మీలాంటి మనిషి చెయ్యి ఆ కాలి మీద పడడం నాకు ఇంకా పెద్ద సిగ్గు. అందుకని లాక్కున్నాను. మీ ముఖం ఎలా అయిందో చూశాను. చూసి కూడా దిగిపోయాను.

మీరు పెట్టిన లాగు కుడి కాలికి చక్కగా ఎక్కింది. ఎడమది చీలమండ దగ్గరే ఆగిపోయింది. మీరు బిగుసుకోకూడదని రాశారు కదా. బలవంతంగా లాగితే చర్మం చిట్లుతుందని భయం. ఎలాగైనా వేసుకుని మీకు చూపించాలని, కుట్టు వెంబడి మోకాలి పైదాకా కోశాను. పసుపు ఉన్న మూలకి కత్తెర తగలనివ్వలేదు. గీతిక స్కూటర్ కోసం గరాజ్‌లోకి వచ్చేసింది. చిన్నపిల్లతో ఎలక అని అబద్ధం ఆడాను. అది నా ముఖంలోకి చూసి, "ఓకే తాతా" అంది. నమ్మలేదని నాకప్పుడే తెలిసింది.

నేను కొండకి రాను. మీరు ఏ వైపైనా నిలబడండి. రెండు వైపులూ మీవే.

కేశవరావు

టూంగాబీ,
7 జూలై 2024

బావగారూ,

ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేనెప్పుడూ మాటకి వెతుక్కున్నవాణ్ణి కాదు.

మీ ఉత్తరం సుగుణకి కూడా చూపించాను. చింపమన్నారు, చింపలేదు, క్షమించండి. అది చదివి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి అన్నం పెట్టింది. వడ్డిస్తూ ఒకటే అంది: "ఆ మాట ఊరంతా చెప్పి వచ్చారుగా."

అదే మీకు చెప్పాలి. నేను నోరు మూసుకున్నానని మీకు రాశాను. అది అబద్ధం. తణుకులో నేను చెప్పని మనిషి లేడు. మీకు ఒక పేరు పెట్టాను, నీళ్ళు ముట్టని దొర అని. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆ కథ చెబితే జనం బాగా నవ్వేవారు. మీరు పంచె ఎలా ఎత్తిపట్టి కారు దిగారో కూడా చేసి చూపించేవాణ్ణి. మీరు ఎత్తలేదు, దించుకున్నారు. అది కూడా తప్పే చెప్పాను. ఇక్కడ బార్బెక్యూల్లో కూడా చెప్పాను. మొన్న పార్శిలు కడుతూ, "దొరగారికి కాళ్ళు చల్లబడకుండా" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు.

ఇంకొకటి. మా పెద్దమ్మకి బోదకాలు. ఆవిడ వొళ్ళో పెరిగాను. ఆ కాలి మీద తల పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి. మీరు ఆనాడు కాలు చాపి ఉంటే నాకు ఆవిడే గుర్తొచ్చేది. సంబంధం లేచిపోయేది కాదు. కానీ ఆ సంగతి మీకెలా తెలుస్తుంది? మా పెద్దమ్మ సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆడపిల్ల ఉన్న ఇల్లు కదా అని మేమూ దాచుకున్నాం.

ఇప్పుడు మీ ముఖం ఎలా చూడను? నేను కొండకి రాను. నా లాగు మడిచి పెట్టేశాను. గీతికకి నా చెవిలో నొప్పి అని చెప్పండి. మీరు మాత్రం వెళ్ళండి. వెళ్ళకపోతే అది నా వల్లే అవుతుంది.

హేమచంద్రరావు

గంగాలిన్,
10 జూలై 2024

బావగారికి, చెల్లెమ్మగారికి కేశవరావు నమస్కారాలు.

దొర అన్న పేరు చదివి నాకు నవ్వొచ్చింది. నిజంగా. నన్నెవరూ దొర అనలేదు. మా ఊళ్ళో చాటుగా ఇంకో పేరు ఉండేది, అది రాయను. దాని కంటే మీరు పెట్టినది చాలా బాగుంది. మీ పెద్దమ్మగారి గురించి రాసిన చోటు మళ్ళీమళ్ళీ చదివాను. కాలి మీద తల పెట్టుకుని నిద్రపోవడం అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఇక్కడ ఒకటి జరిగింది. వీడియోలో గీతిక చెప్పిన మర్నాడు నా సంచీలో దాచిన లాగు కనపడలేదు. సిగ్గుతో ఎవరినీ అడగలేదు. నిన్న పొద్దున్న మంచం మీద మడిచి ఉంది. నేను కోసిన చోట మీ అమ్మాయి కోణంగా ఒక పేలిక వేసి కుట్టింది. తన పాత థర్మల్ లోంచి తీసిందట, అదీ నలుపే. కుట్టు లోపలి వైపు ఎక్కడా గరుకు లేదు. పసుపు మూల అలాగే ఉంది. తొడుక్కున్నాను. ఎక్కింది. పట్టెయ్యలేదు.

కాఫీ ఇస్తూ, "మావయ్యగారూ, పైన వేసుకునే ప్యాంటు పక్కన జిప్పు ఉన్నది దొరికింది, కింద నుంచి నడుము దాకా తెరుచుకుంటుంది. బూట్లు పట్టీలవి తెప్పించాను, ఎంత కావాలంటే అంత వదులు చేసుకోవచ్చు" అంది. నేను తల వంచుకుని, "ఎందుకమ్మా ఇంత" అన్నాను. "గీతికకి ప్రామిస్ చేశారుగా" అని గిన్నెలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది. అంతే.

తనకి ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు, తను చెప్పలేదు. కానీ ఇక్కడికి వచ్చిన మొదటి వారం నుంచి నా మంచం మీద రెండు దిండ్లు ఎక్కువ పెడుతోంది. తల వైపు కాదు, కాళ్ళ వైపు. పక్క సర్దడం రాదేమో అనుకుని రోజూ పైకి తెచ్చుకునేవాణ్ణి. మర్నాడు మళ్ళీ కాళ్ళ దగ్గరే ఉండేవి. నిన్న రాత్రి వాటి మీద కాలు ఎత్తుగా పెట్టుకుని పడుకున్నాను.

గీతికకి ఎలక అబద్ధం ఒప్పుకున్నాను. కాలు చూపించాను. అది వేలితో నొక్కి, "డస్ ఇట్ హర్ట్?" అంది. లేదన్నాను. "దెన్ యూ కెన్ కమ్" అంది. దానికి అంతే లెక్క.

కాబట్టి నేను వస్తున్నాను. చెవినొప్పి అని పిల్లకి నేను చెప్పను. ఎలక అబద్ధానికే సిగ్గుతో చచ్చాను, ఇంకో అబద్ధం ఆడలేను. మీరే రావాలి. గీతకి అటూ ఇటూ కాదు, పక్కపక్కన నిలబడదాం. మీరు చిన్నపిల్లల వాలు మీద పడితే నేను నవ్వను. చప్పట్లు కొడతాను.

ఇంకొకటి అడగాలని ఉంది, ఎలా రాయాలో తెలియడం లేదు. కొండ దగ్గర చలిలో తిరిగి గదికి వచ్చాక నా కాలు సబ్బు నీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవాలి. రోజూ తలుపు వేసుకుని నేనే చేసుకుంటాను. ఆ రోజు తలుపు వెయ్యను. నీళ్ళు మీరు పొయ్యండి. గోరువెచ్చగా ఉండాలి. ఇత్తడి చెంబు మొయ్యక్కర్లేదు, అక్కడ ప్లాస్టిక్ జగ్గు ఉంటుందట. ఈసారి కాళ్ళు లాక్కోను.

మీరు వస్తున్నారో లేదో తెలిసేదాకా నాకు స్థిమితం ఉండదు. ఈ ఉత్తరం అందగానే జాబు రాయండి. ఒక్క ముక్క అయినా చాలు. పోస్టు ఆలస్యం అవుతుందనుకుంటే ఫోన్ చెయ్యండి. స్పీకరు పెట్టినా ఫరవాలేదు.

ఇట్లు
కేశవరావు